మాంటేన్ లోగిలి - గ్రంథాలయపు బురుజు

ఫ్రాన్సు దేశమున నైరృతి దిక్కుగా, అట్లాంటిక్ మహాసముద్రమునకు చేరువలో, బోర్డో అను ప్రాచీనమైన రేవు పట్టణము కలదు. ద్రాక్షాసవ వ్యాపారమునకు అది లోకప్రసిద్ధము. అచ్చటినుండి తూర్పుగా సుమారు 50 కిలోమీటర్లు పోయినచో దొర్దోన్ నది యొడ్డున కాస్తియోన్ అను చిన్న పట్టణము వచ్చును. ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని నూరేండ్లకు పైగా సాగిన యుద్ధము 1453లో ముగిసినది ఆ ఊరి పొలములలోనే. కాస్తియోన్ దాటిన పిమ్మట ద్రాక్షతోటల నడుమ నొక గుట్ట కనబడును. ఆ గుట్టమీద సాన్ మిషెల్ అను పల్లె, పల్లెను ఆనుకొని యొక పాత లోగిలి ఉన్నవి. లోగిలి పేరు మాంటేన్. ఆ మాటకు ఫ్రెంచి భాషలో కొండ యనియే యర్థము. నలుదిక్కుల గాలికి నిలబడిన ఆ యింటికి అంతకంటె తగిన పేరు దొరకదు.

ఆ కాలపు ఫ్రెంచి గ్రామములలో ఇట్టి లోగిళ్ళు వందలకొలది యుండెడివి. తెలంగాణమున గడీ యెట్టిదో, సర్కారు జిల్లాలలో జమీందారుగారి దివాణమెట్టిదో, అచ్చట ఇదియు కొంతవరకు అట్టిదే. చుట్టునున్న పొలములు, అడవి, ద్రాక్షతోటలు లోగిలి క్రిందివి. రైతులు శిస్తు చెల్లించుట, తగవులు చెప్పుకొనుట, ఆపద వచ్చినపుడు గోడలలోనికి పరుగెత్తుట, అన్నియు ఆ ద్వారము గుండనే. మాంటేన్ కట్టడపు తీరు కూడ ఆంధ్రదేశపు చదువరులకు మిక్కిలి అపరిచితమైనది కాదు. నడుమ విశాలమైన ముంగిలి, దానిని చుట్టుకొని నివాసగృహము, ధాన్యపు కొట్లు, గుఱ్ఱపుశాలలు, కోళ్ళ దొడ్డి, వీనినన్నిటిని కలిపి యొక ప్రహరీ గోడ. మండువా లోగిలిని పదిరెట్లు పెంచి రాతితో కట్టినట్లుండును. గోడ మూలలయందు బురుజులు కలవు. వానిలో నొకటి సింహద్వారమును కావలి కాయునట్లు ప్రక్కనే నిలిచియున్న గుండ్రని బురుజు. ఈ లోగిలి పేరు నేటికిని నిలిచియున్నదన్నచో దానికి ఆ బురుజే కారణము.

లోగిలిని మొదట కొన్నది రాజబంధువు కాడు, సేనాని కాడు. బోర్డో రేవులో ద్రాక్షాసవము, ఉప్పుచేప, బట్టలకద్దు నీలిరంగు సరకు ఎగుమతి చేసి ధనము గడించిన రామోన్ ఎకెమ్ అను వర్తకుడు. అతడు 1477లో మాంటేన్‌ను కొనెను. మరుసటి యేడే మరణించెను. కొన్న యింట సుఖముగా నుండుటకు అతనికి వ్యవధి చాలలేదు కాని, కొన్న ఉద్దేశము వేరు. ఆ దేశమున పెద్దకుటుంబముల జాబితాలో చేరవలెనన్నచో ధనము మాత్రము చాలదు. భూస్వామ్యపు లోగిలి యుండవలెను, తరములు గడచునప్పటికి తక్కెడ పట్టుట మానవలెను. రామోన్ కుమారుడు గ్రిమోన్ వ్యాపారమును విడువక సాగించెను. మనుమడు పియెర్ మాత్రము కత్తి చేతబట్టి, ఫ్రాన్సు రాజగు మొదటి ఫ్రాన్సిస్ వెంట ఇటలీ యుద్ధములకు పోయి, 1528 ప్రాంతమున తిరిగివచ్చెను. మునిమనుమడగు మిషెల్ కాలము వచ్చుసరికి ఎకెమ్ అను ఇంటిపేరు కూడ జారిపోయి, మాంటేన్ అను ఊరిపేరే ఇంటిపేరైనది. చేపల వర్తకుని వంశమని శత్రువులు ఎత్తిపొడుచుట తప్పలేదట. ఎత్తిపొడిచినవారి పేర్లు నేడెవరికిని తెలియవు.

లోగిలికి రూపము నిచ్చినవాడు పియెర్. ఇటలీలో అతడు చూచినవి యుద్ధములు మాత్రమే కావు. అచ్చట విద్యయు శిల్పమును నూతనముగా వికసించుచుండుట కన్నులార చూచెను. తాను గొప్ప చదువు చదివినవాడు కాకున్నను పండితులను ఇంటికి రప్పించి, దేవతలను పూజించినట్లు గౌరవించెడివాడు. తాను పుట్టిన ఇంటిని బాగుచేయుటయందు అతనికి మిక్కిలి ప్రీతి. గోడలు ఎత్తించెను, బురుజులు బలపరచెను, తోటలు పెంచెను. 1554లో బోర్డో నగరమునకు మేయరై యున్నను మనస్సు మాంటేన్‌మీదనే యుండెను. అతడు మరణించిన తరువాత కుమారుడు మిషెల్, స్వతహాగా కట్టడములయందు ఆసక్తి లేనివాడయ్యును, సగములో నిలిచిన యొక పాతగోడను పూర్తిచేయించెను. తనకు గోడ కావలసి కాదు, తండ్రి కోర్కె గనుక చేయించితినని అతడే వ్రాసికొనెను.

పియెర్ ఏర్పరచిన మరియొక పద్ధతి ఈ సందర్భమున చెప్పదగినది. లెక్కల పుస్తకము వేరుగా నుండగా, ఇంటిలో దినదినము జరుగు సంగతులు వ్రాయుటకు ఒక సేవకుని నియమించెను. ఏ పని యెప్పుడు మొదలైనది, ఎప్పుడు ముగిసినది, ఏ యతిథి వచ్చెను, ఎన్నినాళ్ళుండెను, వివాహములు, మరణములు, ప్రయాణములు, పనివాండ్ర మార్పులు, అన్నియు అందులోనికి ఎక్కవలసినదే. పల్లెటూరి కరణము దస్త్రమువంటి దనుకొనవచ్చును. కాని అది శిస్తు కొరకు కాదు, జ్ఞాపకము కొరకు. మిషెల్ ఆ పద్ధతిని విడిచిపెట్టెను. తరువాత పశ్చాత్తాపపడి, దానిని మానుట తన తెలివితక్కువ యని నిర్మొగమాటముగా ఒప్పుకొనెను. ఆ పుస్తకమే సాగియున్నచో నేటి చరిత్రకారులకు ఎన్నియో సందేహములు తీరియుండెడివి. పియెర్‌కు ఇంకొక ఆలోచన కూడ నుండెడిదట: ప్రతి పట్టణమునను ఒక కచేరి యుండవలెను, అమ్మదలచినవాడు, కొనదలచినవాడు, పని కావలసినవాడు, పనివాడు కావలసినవాడు అచ్చటికి వచ్చి తమ అవసరమును వ్రాయించుకొనవలెను. ఒకరికొకరు అక్కరకు వచ్చువారు ఒకరినొకరు ఎరుగకయే బాధపడుచున్నారని అతని విచారము.

మిషెల్ 1533 ఫిబ్రవరి 28వ తేదీన ఈ లోగిలిలోనే జన్మించెను. అప్పటికి విజయనగరమున అచ్యుతదేవరాయలు సింహాసనముపై నుండెను. పియెర్ తన కుమారుని పెంచిన తీరు ఇరుగుపొరుగు దొరలకు విడ్డూరముగా తోచియుండును. జ్ఞానస్నాన సమయమున శిశువును ఎత్తుకొనుటకు పెద్దింటివారిని పిలువక, గ్రామములో మిక్కిలి బీదవారిని పిలిచెను. పాలు త్రాగు వయస్సులో బిడ్డను సమీపముననున్న యొక నిరుపేద పల్లెలో పెంచుటకిచ్చెను. తనవంక చేయి చాచువానిని చూడవలసినదే కాని, తనకు వెన్ను చూపు గొప్పవానిని కాదని అతని భావము. బిడ్డ తిరిగివచ్చిన తరువాత మరియొక ప్రయోగము జరిగెను. ఫ్రెంచి ఒక్క ముక్కయు రాని జర్మను పండితుని రప్పించి, బాలునితో లాటిను తప్ప వేరు భాష మాట్లాడరాదని శాసించెను. తల్లి, తండ్రి, దాసదాసీజనము అందరును నాలుగేసి లాటిను మాటలు నేర్చుకొనక తప్పలేదు. ఆ మాటలు గోడ దాటి పల్లెలోనికి ప్రాకినవి. కొన్ని పనిముట్లకు చేతిపనివారి నోట లాటిను పేర్లే చాలకాలము నిలిచిపోయినవట. సంస్కృతమొక్కటే మాట్లాడు ఇంటిలో పెరిగి, ఊరి కమ్మరిచేత కూడ కొలిమి పరికరములను సంస్కృతమున పిలిపించిన బాలుని ఊహించుకొన్నచో ఆ వింత కొంత బోధపడును. ఆరేండ్ల ప్రాయమున బోర్డోలోని గుయెన్ కళాశాలకు పంపగా, అచ్చటి ఉపాధ్యాయులు ఆ బాలునితో లాటిను మాట్లాడుటకు జంకిరి.

చదువు ముగిసిన పిమ్మట మిషెల్ బోర్డో ఉన్నత న్యాయస్థానమున పదుమూడేండ్లు న్యాయాధికారిగా పనిచేసెను. అచ్చటనే ఎతియెన్ ద లా బొయెసీ అను మిత్రుడు లభించెను. ఆ స్నేహము అయిదారేండ్లకు మించి సాగలేదు. 1563 ఆగస్టులో లా బొయెసీ ముప్పదిరెండేండ్ల వయస్సున మరణించుచు తన పుస్తకములను మిత్రునకు ఒప్పగించెను. 1568లో తండ్రి గతించెను. రెండేండ్లకు మిషెల్ తన పదవిని వదలుకొని లోగిలికి తిరిగివచ్చెను. 1571 ఫిబ్రవరి 28న, ముప్పదియెనిమిదవ జన్మదినమున, రాజసభల సేవకును అధికారభారమునకును విసిగి, శేషజీవితమును సరస్వతీ సన్నిధిని గడపదలచితినను భావముతో లాటిను భాషలో నొక శాసనమును గోడమీద వ్రాయించెను. ఆ గోడ ఉన్నది గుండ్రని బురుజులోనే. మిత్రుడు విడిచిపోయిన పుస్తకములు చేరినదియు అచ్చటికే.

ఆ బురుజు ఎట్లుండునో చూడవలెను. అది మూడంతస్తుల రాతికట్టడము. క్రింది యంతస్తున చిన్న ప్రార్థనాలయము కలదు. అచ్చట వేదికకు పైగా, గ్రామమునకు పేరిచ్చిన మిషెల్ దేవదూత భూతసర్పమును చంపుచున్న వర్ణచిత్రమున్నది. ఇరుకైన చుట్టుమెట్లు ఎక్కి పైకి పోయినచో రెండవ యంతస్తు పడకగది. ఒంటరిగా నుండదలచినపుడు మిషెల్ తరచుగా అచ్చటనే పరుండెడివాడు. గోడ మందములో క్రింది ప్రార్థనాలయమునుండి పడకగదికి సన్నని కంత యొకటి విడిచియున్నారు. ఒంట్లో బాగులేనప్పుడు మెట్లు దిగకయే ప్రార్థన వినుటకు అది యుపయోగించెను. అతనికి మూత్రకోశమున రాళ్ళు ఏర్పడు వ్యాధి యుండెను. నొప్పి లేచినపుడు ఆ మెట్లు దిగుట సామాన్యము కాదు. బురుజులో పెద్ద గంట యొకటి కలదు. అది ప్రతిదినము వేకువను, ప్రొద్దుగూకు వేళను మ్రోగుచుండెడిది. ఆ మ్రోతకు బురుజే కంపించెడి దట. మొదట భరింపరానిదిగా తోచినను, కొలది దినములలోనే అలవాటుపడి నిద్రలో కూడ వినబడనట్లయ్యెనని, అలవాటు బలమునకు అతడు దీనినే నిదర్శనముగా చూపెను.

మూడవ యంతస్తు గ్రంథాలయము. అంతకుముందు అది బట్టల సామానులు పడవేయు గది, ఇంటి మొత్తమున మిక్కిలి నిరుపయోగమైన చోటు. దానినే మిషెల్ ఏరికోరి తీసికొనెను. గది గుండ్రము, వ్యాసము పదునారు అడుగుజాడలు. బల్లయు కుర్చీయు పట్టునంత మేర మాత్రము గోడ తిన్నగా నుండును. మిగిలిన గుండ్రని గోడవెంట పుస్తకములు అయిదు వరుసల అరలలో చుట్టును అమర్చబడి యుండెడివి. కుర్చీలో కూర్చుండి తల త్రిప్పినచో ఒక్క చూపుతో అన్నియు కనబడును. మూడు దిక్కుల కిటికీలు. ఒకదానినుండి తోట, ఒకదానినుండి కోళ్ళ దొడ్డి, ఒకదానినుండి ముంగిలి; ఇంటిలో జరుగు పని యంతయు కూర్చున్నచోటనుండియే కనిపెట్టవచ్చును. ప్రక్కనే మంటగూడు గల చిన్నగది యొకటి ఉన్నది. చలికాలమున అందులో నిప్పు రాజవేసికొనవచ్చును. గోడలమీద ఓవిడ్ అను లాటిను మహాకవి పురాణకథల చిత్రములు వ్రాయించెను. అవి నేడు చాలవరకు వెలిసిపోయినవి. పైన చెప్పిన శాసనమున్నది ఈ చిన్నగది గోడమీదనే.

ఆ గదిలో అతడు దినములో అధికభాగము గడిపెడివాడు. రాత్రివేళ మాత్రము ఎన్నడును అచ్చట నుండలేదు. కూర్చుండి ఆలోచించుట అతనికి చేతకాదు. కాళ్ళు కదలినగాని తలపులు కదలవు. అందుచేత గదికి ఇరుప్రక్కల అదే యెత్తున నూరు అడుగుజాడల పొడవు, పండ్రెండు వెడల్పు గల వసారాలు కట్టించుకొనవలెనని కోరిక పుట్టెను. అందుకు వలయు గోడలు కూడ వేరొక పనికై అప్పటికే లేచియుండెను. కాని కట్టడపు పని తెచ్చు గొడవకు భయపడి మానుకొనెను. ఖర్చుకంటె తాపీపనివారే అతనిని ఎక్కువగా భయపెట్టిరి కాబోలు. ఇల్లు కట్టించినవారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు.

గ్రంథాలయమున నేటికిని చూపరులను నిలువబెట్టునది పైకప్పు. పెద్ద దూలములు రెండు, వానికి అడ్డముగా పరచిన వాసములు పదులకొలది. వీని క్రిందిప్రక్కలపై మిషెల్ నల్లని సిరాతో గ్రీకు, లాటిను సూక్తులను వ్రాయించెను. అవి సుమారు అరువది. బైబిలులోని ప్రసంగి భాగమునుండి కొన్ని, సెక్స్తస్ ఎంపిరికస్ అను గ్రీకు సంశయవాదినుండి కొన్ని, లుక్రీషియస్, టెరెన్స్ మొదలగు లాటిను కవులనుండి కొన్ని గ్రహింపబడినవి. వీనిలో వీరవాక్యములు లేవు, వంశప్రశస్తి లేదు. మానవుని తెలివి యెంత స్వల్పమో, నిశ్చయముగా చెప్పుట ఎంత కష్టమో తెలుపునవియే యెక్కువ. ఇంకొక విశేషము: కొన్ని చోట్ల నేటి అక్షరముల క్రింద మరి కొన్ని అక్షరములు కనబడుచున్నవి. ముందు వ్రాయించిన సూక్తిని చెరిపించి దానిపై మరియొకటి వ్రాయించెనన్నమాట. తన యభిప్రాయము మారినప్పుడు ఇంటి దూలమునే దిద్దుకొన్న గృహస్థులు లోకమున అరుదు.

పుస్తకములు వేయి యని అతడే చెప్పెను. అచ్చుయంత్రము పుట్టి నూటయేబది యేండ్లు కాకమునుపే, పల్లెటూరిలో ఒక గృహస్థునికి వేయి సంపుటములనగా చిన్నమాట కాదు. చదువుటలో అతని పద్ధతి గ్రంథాలయ సభ్యులు తెలిసికొనదగినది. అతనికి జ్ఞాపకశక్తి తక్కువ. ఎన్నడో శ్రద్ధగా చదివి అంచులలో వ్రాతలు కూడ వ్రాసిన పుస్తకమును మరల తీసి, ఎన్నడును చూడనిదానివలె చదువుట పలుమారు జరిగెను. అందుచేత ప్రతి పుస్తకము చివరను, తాను దానిని ముగించిన తేదీయు, దానిపై తనకు కలిగిన యభిప్రాయమును వ్రాసియుంచుట అలవాటు చేసికొనెను. కష్టమైన భాగము వచ్చినచో ఒకటి రెండు మారులు ప్రయత్నించి విడిచిపెట్టెడివాడు. ఒక పుస్తకము విసుగు పుట్టించినచో మరియొకటి తీసెడివాడు. ఇది పండితులు మెచ్చు పద్ధతి కాదు కాని, ఆ పద్ధతిలో చదివినవాడే ఒక క్రొత్త ప్రక్రియకు ఆద్యుడయ్యెను. తన చదువును, తన యనుభవమును, తన సందేహమును కలిపి వ్రాసికొన్న వ్రాతలకు అతడు 'ఎస్సే' యని పేరుపెట్టెను. ఆ మాటకు ప్రయత్నము, పరీక్ష యని యర్థము. 1580లో బోర్డోలో రెండు భాగములు అచ్చుపడినవి, 1588లో మూడవ భాగము చేరినది. తెలుగున సామినేని ముద్దు నరసింహము 'ప్రమేయము'లని, కందుకూరి వీరేశలింగము 'ఉపన్యాసము'లని పిలిచి, తరువాత 'వ్యాస'మని స్థిరపడిన ప్రక్రియకు మూలము ఇంగ్లీషు ద్వారమున వెదకికొనుచు పోయినచో తుదకు ఈ బురుజు మెట్లే ఎక్కవలసివచ్చును.

ఆ గదిలోనికి తెలుగుదేశపు మాట కూడ యొకటి చేరినది. విజయనగర రాజ్యమును పోర్చుగీసువారు సాళువ నరసింహుని పేరుమీద నార్సింగ రాజ్యమని పిలిచెడివారు. ఆ రాజ్యమున పురోహితుల భార్యలు చనిపోయిన భర్తలతో సజీవముగా పూడ్చబడుదురని మిషెల్ తన గ్రంథమున ప్రస్తావించెను. అది నావికుల మాట పుస్తకములకెక్కగా వచ్చిన వార్త, దానిని సమగ్రమైన సత్యముగా గ్రహింపరాదు. అయినను మరణభయమునుగూర్చి ఆలోచించుచు, గుట్టమీది బురుజులో కూర్చున్న మనిషి తుంగభద్రా తీరమును తలచుకొనుట గమనింపదగిన సంగతి.

ఇదంతయు ప్రశాంతముగా జరిగినదని భావించుట పొరపాటు. 1562 మొదలు 1598 వరకు ఫ్రాన్సులో కాథలిక్కులకును ప్రొటెస్టంటులకును ఎనిమిది యుద్ధములు జరిగినవి. మాంటేన్ ఉన్న ప్రాంతము ఇరుపక్షముల సరిహద్దు. మిషెల్ కాథలిక్కు, పొరుగువారు పలువురు ప్రొటెస్టంటులు. నాడు నిద్రించిన ఇల్లు రేపు తమదిగా నుండునను నమ్మకము ఎవరికిని లేదు. చుట్టుప్రక్కల లోగిళ్ళవారందరు గోడలు హెచ్చించిరి, సాయుధులను నిలిపిరి. మిషెల్ మాత్రము సింహద్వారమున ఒక్క ముసలి కావలివానిని ఉంచెను. అతడైనను తలుపు కాచుటకు కాదు, వచ్చినవారికి మర్యాదగా తెరచుటకు. రక్షణ యెక్కువైనచో దోచుకొనుటకు పురికొల్పినట్లగునని, బలముగా కాపాడుకొన్న ఇండ్లే యెక్కువగా కూలినవని అతని వాదము. తండ్రి బలపరచిన బురుజులో కూర్చుండి కుమారుడు తలుపులు తెరచియుంచుటలో గల వైపరీత్యము అతనికి తెలియక పోలేదు.

ఒకనాడు ఆ వాదమునకు పరీక్ష వచ్చెను. పొరుగువాడు, దూరపు బంధువు కూడ నగు నొకడు, రొప్పుచున్న గుఱ్ఱముపై ఒంటరిగా ద్వారము చెంతకు వచ్చి, శత్రువులు తరుముచున్నారు, రక్షింపుమని వేడెను. మిషెల్ లోపలికి రానిచ్చి సేదదీర్చుచుండగా అతని సైనికులు నలుగురైదుగురు అదే యాకారముతో వచ్చిరి. పిమ్మట మరికొందరు, మరికొందరు, తుదకు ఇరువదియైదు ముప్పదిమంది ఆయుధములతో ముంగిట నిండిరి. గుఱ్ఱములను శాలలో కట్టనీయరైరి. మోసమని మిషెల్ గ్రహించెను. కాని ఆదరముగా మొదలుపెట్టినదానిని మధ్యలో మార్చుటవలన లాభము లేదని, అనుమానము కనబడనీయక, అందరిని లోనికి రానిచ్చి, నాయకునితో చావడిలో మాటలాడుచు కూర్చుండెను. ఇల్లు వాని చేతిలో నున్నది. సంజ్ఞ యొకటి చేయుటయే తరువాయి. సైనికులు వాని ముఖమే చూచుచుండిరి. ఆ సంజ్ఞ రాలేదు. నాయకుడు లేచి గుఱ్ఱమెక్కి వెడలిపోగా అనుచరులు నివ్వెరపోయి వెంట నడచిరి. గృహస్థుని ముఖమును, దాపరికము లేని మాటయు తన చేతిలోని ద్రోహమును లాగివేసినవని వాడే తరువాత పలుమారు చెప్పుకొనెనట. ఈ పద్ధతి ప్రతియింటను ఫలించునని చెప్పలేము. అదృష్టము కూడ తోడైనదని మిషెల్ ఒప్పుకొనెను.

తెరచిన ద్వారము గుండ గొప్పవారును వచ్చిరి. 1584 డిసెంబరు 19న, ప్రొటెస్టంటుల నాయకుడును నవార్ రాజును అయిన హెన్రీ సుమారు నలువది మంది ప్రభువులతో వచ్చి, మాంటేన్‌లో రెండు దినములుండెను. విషభయముచేత రాజులు తమ వంటవారిని, రుచిచూచువారిని వెంటగొనిపోవు కాలమది. హెన్రీ వారినెవ్వరిని పనిలోనికి రానీయక, ఇంటివారి వడ్డనయే స్వీకరించి, మిషెల్ పడకమీదనే నిద్రించెను. 1587లో మరల వచ్చెను. మరి రెండేండ్లకు అతడే నాలుగవ హెన్రీ పేర ఫ్రాన్సునకు రాజయ్యెను. ఆ నడిమి కాలముననే, 1586 ప్రాంతమున, కాస్తియోన్‌ను సేనలు ముట్టడించినవి. సేనల వెంట మహామారి వచ్చెను. మిషెల్ వృద్ధురాలైన తల్లిని, భార్యను, కుమార్తెను తీసికొని లోగిలి విడిచి ఆరు మాసములు ఊరూర తిరిగెను. అందరిని తెరచిన ద్వారముతో ఆదరించినవానికి తలదాచుకొన చోటిచ్చుటకు ఎల్లరును భయపడిరి. వెనుక గ్రామములో నూరింట ఒకడు కూడ బ్రదుకుట కష్టమైనది. కోయువారు లేక ద్రాక్షగుత్తులు తీగెలమీదనే వ్రేలాడెను. రైతులు తమ గోతులు తామే త్రవ్వుకొనిరి. అతని కూలివాడొకడు గోతిలో పండుకొని, ప్రాణము పోవుచుండగా చేతులతోను కాళ్ళతోను తన మీదికి తానే మన్ను లాగుకొనెను. వేయి పుస్తకములు చదివిన మిషెల్, మరణమునెదుర్కొనుట యెట్లో ఈ చదువురాని జనులే నేర్పిరని తన గ్రంథమున వ్రాసెను. దూలముల మీది మహాకవుల ప్రక్కన వారిని నిలిపెను.

మిషెల్ 1592 సెప్టెంబరు 13న ఈ లోగిలిలోనే, తన గదిలో ప్రార్థన జరుగుచుండగా మరణించెను. శరీరమును బోర్డోకు తీసికొనిపోయి హృదయమును గ్రామపు గుడిలో ఉంచిరి. ఆరుగురు కుమార్తెలు పుట్టగా లియొనోర్ ఒక్కతెయే మిగిలినది. 1588 ప్రతి అంచులలో అతడు చనిపోవువరకు స్వహస్తముతో చేర్చిన వ్రాతలను భార్య భద్రపరచి అచ్చునకు ఏర్పాటు చేసెను. మరీ ద గుర్నే అను విదుషీమణి 1595లో దానిని పారిసున ప్రకటించెను. ఆ స్వహస్తపు ప్రతి నేడు బోర్డో నగర గ్రంథాలయమున నున్నది. మిషెల్ వ్రాసిన పుస్తకము ఇట్లు దక్కినది. కొన్న పుస్తకముల గతి వేరు. అవి కుమార్తె ద్వారా ఓష్ పట్టణపు మతాధికారి యొకరికి చేరి, తరువాత అమ్మకములలో, వారసత్వములలో చెదరిపోయినవి. పట్టిక యొకటి యైనను మిగులలేదు. ఇటలీ యాత్రాదినచర్య మాత్రము లోగిలిలోని యొక పాతపెట్టెలో దాదాపు రెండువందల యేండ్లు ఎవరికంటను పడక యుండి, 1770లో బయటపడెను. 1774లో అచ్చువేసిరి. అచ్చైన పిమ్మట దాని వ్రాతప్రతి రాజగ్రంథాలయమునుండి మాయమైనది. పెట్టెలో నున్నంతకాలమే అది భద్రముగా నుండినదన్నమాట.

లోగిలి కూడ పలు చేతులు మారెను. పందొమ్మిదవ శతాబ్దమున మూడవ నెపోలియన్ ప్రభుత్వమున ఆర్థికమంత్రి యైన పియెర్ మాన్య్ దానిని కొని బాగుచేయించెను. 1885 జనవరిలో అగ్నిప్రమాదము జరిగి, మిషెల్ పుట్టిన నివాసగృహము కాలిపోయెను. తరువాత వారసులు పూర్వపు తీరుననే మరల కట్టించిరి. నేడు కనబడు పెద్దమేడ అదియే. మంటలు ముంగిలి దాటి గుండ్రని బురుజును చేరలేదు. మరియొక మూలనున్న త్రషేర్ బురుజును కూడ ఆ కాలపుదిగా చూపుదురు, మిషెల్ భార్య అందులో నుండెడిదని చెప్పుదురు. లోగిలి నేటికిని ప్రైవేటు ఆస్తియే. చుట్టును ద్రాక్ష పండుచున్నది, బురుజును మాత్రము చూడవచ్చినవారికి తెరచుచున్నారు.

చుట్టుమెట్లు ఎక్కి వెళ్ళినచో గుండ్రని గది కనబడును. తలపైన అక్షరములున్నవి, అయిదు వరుసల అరలు లేవు. వేయి పుస్తకములలో మిషెల్ సంతకమునుబట్టి ఇంతవరకు గుర్తింపబడినవి సుమారు నూరు. అవి పలుదేశముల గ్రంథాలయములలో ఒకటి రెండుగా నున్నవి. సీజరు చరిత్ర ప్రతి పారిసుకు చేరువనున్న షాంతియీ మ్యూజియమున నున్నది. లుక్రీషియస్ కావ్యపు ప్రతి 1989లో వేలమున అమ్ముడుపోయిన పిమ్మట, దాని అంచుల నిండ నున్న వ్రాతలు అతనివేయని తేలినది. దాని చివర, అలవాటు చొప్పున, చదువుట ముగించిన తేది వేసియున్నది: 1564 అక్టోబరు 16. ఆ పుస్తకము 2008 నుండి ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నున్నది.